ఒంటికి బట్ట తగిలినా ఓర్చుకోలేని పిల్లల కోసం

నాది కావలి. ఇంట్లోనే మిషన్ పెట్టుకుని ఆడవాళ్లకి, పిల్లలకి బట్టలు కుడతాను. మా చిన్నమ్మాయి పసితనం నుంచి ఒంటికి ఏం తగిలినా ఓర్చుకునేది కాదు. గౌను మెడ దగ్గర గుచ్చుకుంటోందని విప్పి పారేసేది, తలకి నూనె అంటే పరిగెత్తేది. ఇప్పుడు బడికి యూనిఫాం వేసుకుని వెళ్తోంది, పండక్కి పట్టులంగా కట్టుకుంటోంది. ఇలాంటి పిల్లలున్న తల్లులు నా దగ్గరికి వచ్చి "ఏం కుట్టించినా వేసుకోదక్కా, ఏం చెయ్యమంటావ్?" అని అడుగుతుంటారు. వాళ్లకి చెప్పేవే ఇక్కడ రాస్తున్నాను.

ముందు ఒళ్లంతా వెలుతురులో చూడండి. చెమటకాయలు, గజ్జి, ఎగ్జిమా లాంటివి ఉంటే అది చర్మం డాక్టరు చూడాల్సిన విషయం. ఒంటి మీద ఏమీ లేకపోయినా అదే గోల చేస్తోందంటే దాన్ని మొండితనం అనుకుని కొట్టకండి. బిడ్డకి నిజంగానే బాధగా ఉంది. మనం వేసుకున్న కాసేపటికి మర్చిపోయే జాకెట్టు అంచు, వాళ్లకి రోజంతా తెలుస్తూనే ఉంటుంది. అమెరికాలో జీన్ ఎయిర్స్ అనే ఆక్యుపేషనల్ థెరపిస్టు (రోజువారీ పనులు చేసుకోవడం కష్టమయ్యేవాళ్లకి సాయం చేసే నిపుణురాలు) 1960, 70లలోనే ఇలాంటి పిల్లల గురించి పరిశోధన చేశారని మా పాపని చూసిన థెరపిస్టు మేడమ్ చెప్పారు. ఆ మేడమ్ చెప్పిన వాటిలో నాకు బాగా పనికొచ్చింది ఒకటుంది. పైపైన, చక్కిలిగింతలు పెట్టినట్టు, చెప్పాపెట్టకుండా తగిలేదే వీళ్లని ఎక్కువ ఇబ్బంది పెడుతుంది. ముందే చెప్పి, అరచేత్తో నిదానంగా, కాస్త గట్టిగా పట్టుకుంటే చాలామంది ఓర్చుకుంటారు. ఇంట్లో చేసే ప్రతి పనికీ దీన్నే పట్టుకోండి.

బట్టల సంగతి కాస్త వివరంగా చెప్తాను, నాకు బాగా తెలిసింది అదే కాబట్టి. కొత్త డ్రెస్సు ఏదైనా ముందు తిరగేసి చూడండి. పిల్లకి తగిలేది లోపలి వైపే కదా. ఆ కుట్లని మీ మెడ మీద రుద్దుకుని చూడండి. పని చేసి చేసి మన వేళ్లు మొద్దుబారి ఉంటాయి, వేళ్లతో తడిమితే తెలియదు. మెడ వెనక లేబుల్‌ని చాలామంది కత్తెరతో కత్తిరించేస్తారు. కుట్టులో మిగిలిపోయిన ముక్క ఇంకా గట్టిగా నిలబడి గుచ్చుతుంది. బ్లేడు మొనతో ఒక్కో కుట్టూ తెంపి లేబుల్ మొత్తం ఊడదియ్యాలి. తర్వాత ఆ చోటు కిటికీ దగ్గర పెట్టి చూడండి. రెడీమేడ్ బట్టల్లో లేబుళ్లకి, లేసులకి కంటికి సరిగ్గా ఆనని నైలాన్ దారం వాడుతుంటారు. లేబుల్ తీసేశాక కూడా పిల్ల మెడ గోక్కుంటోందంటే ఆ దారం ముక్క ఇంకా అక్కడే ఉందన్నమాట.

లేసు, రిబ్బను చివర్లు పోగులు రాకుండా కొవ్వొత్తికి చూపించి కాలుస్తారు. సింథటిక్ కాబట్టి కరిగి, చివర చిన్న గట్టి పూస కడుతుంది. వేరే పిల్లలకి అది ఉన్నట్టు కూడా తెలియదు. మీ పాపకి కుట్టేటప్పుడు మాత్రం ఆ చివర కాల్చకుండా మడిచి, లోపల పెట్టి కుట్టమని చెప్పండి. పోగులు రాకుండా దారం చుట్టి కుట్టే ఓవర్‌లాక్ అంచు ఒంటికి తగలకుండా, కుట్టు లోపలికి మూసుకుపోయేటట్టు రెండుసార్లు కుట్టమనండి. నడుము ఎలాస్టిక్‌ని నేరుగా బట్ట మీద వెయ్యకుండా మెత్తటి నూలు పట్టీలో దూర్చమనండి. టైలర్ కాస్త ఎక్కువ అడిగినా ఇవ్వండి, ఆ పనికి టైము పడుతుంది. కొలతలకి టేపు పెట్టనివ్వకండి, ఇష్టంగా వేసుకునే పాత గౌను ఒకటి ఆదికి ఇస్తే చాలు.

పట్టులంగాకి జరీ వెనక వైపే అసలు ఇబ్బంది. నేనైతే పాత వెంకటగిరి నూలు చీర లైనింగ్ వేస్తాను. ఏళ్ల తరబడి ఉతికిన నూలుకి వచ్చే మెత్తదనం కొత్త లైనింగ్ బట్టకి రాదు. పండగ రోజు పొద్దున్నే మొదటిసారి తొడగకండి. వారం ముందు నుంచి ఇంట్లో కాసేపు కట్టి, విప్పమన్న వెంటనే విప్పేయండి. అడిగితే విప్పుతారన్న నమ్మకం కుదిరితేనే పిల్ల ఇంకాసేపు ఉంచుకుంటుంది. యూనిఫాంని కూడా గంజి పోయేదాకా నాలుగైదు సార్లు ఉతికి, లోపల నూలు బనియన్ తిరగేసి వెయ్యండి. సాక్సులూ అంతే, తిరగేస్తే వేళ్ల దగ్గరి కుట్టు బయటికి పోతుంది. రోహిణి కార్తెలో మన నెల్లూరు జిల్లా ఉక్కకి పాలిస్టర్ ఒంటికి అతుక్కుపోతుంది. అదే రంగు నూలు బట్టతో కుట్టించుకుంటామని బడిలో అడగండి.

తలంటు సంగతికి వద్దాం. నూనె వేళ్ల కొసలతో రాయకండి. "ఇప్పుడు తల మీద చెయ్యి పెడుతున్నానమ్మా" అని చెప్పి, అరచెయ్యి ఆనించి, నొక్కి నిదానంగా రాయండి. పది దాకా లెక్కపెట్టి ఆపండి, ఆ లెక్క పిల్లనే పెట్టనివ్వండి. షవర్ వద్దు, చెంబు తనకే ఇచ్చి నీళ్లు తననే పోసుకోమనండి. టర్కీ టవల్‌తో రుద్దకుండా పాత నూలు పంచె చుట్టి అద్దండి. చిక్కు తీసేటప్పుడు జుట్టు మొదలు గట్టిగా పట్టుకుని కొసల నుంచి పైకి రండి. గోళ్లు స్నానం అయ్యాక మెత్తగా ఉన్నప్పుడే తియ్యాలి.

మన ఇళ్లలో బొంత ఉంటుంది కదా, నాలుగైదు పాత చీరలు పరిచి కుట్టింది. ఆ బరువు కప్పితే మా పాప నెమ్మదించేది. చీర ఉయ్యాల కూడా అంతే, ఒంటి చుట్టూ బిగుతుగా ఉంటుంది కాబట్టి. బిడ్డ తనంతట తాను తోసేసుకోగలిగే బరువే కప్పండి, మొహం మీదికి రానివ్వకండి. ఏడాదిలోపు పిల్లలకి బొంత వద్దే వద్దు. గట్టిగా పట్టుకోవడం గిట్టని పిల్లలూ ఉంటారు, వాళ్లని వాళ్ల మానాన వదిలేయండి.

తిండి దగ్గర బలవంతం పెట్టకండి, అంతే. బెండకాయ పులుసు జిగురుగా ఉందంటే వేపుడు చెయ్యండి. అన్నం, పప్పు కలపకుండా విడివిడిగా పెట్టండి. చేతికి అంటితే చిరాకు పడే పిల్లకి స్పూను ఇవ్వండి, పక్కన గిన్నెలో నీళ్లు పెట్టండి. కొత్త కూర కంచం అంచున ఊరికే ఉండనివ్వండి. వాసన చూడటం, నాలిక్కి తగిలించుకోవడం ఎప్పుడో తనే చేస్తుంది.

ఆటల్లో పొడి వాటితో మొదలుపెట్టండి. చాటలో బియ్యం, తర్వాత శనగలు, ఆ తర్వాతే తడి పిండి. మైపాడు బీచికి వెళ్తే చెప్పులతోనే ఇసుకలో నడవనివ్వండి. చెప్పులు ఎప్పుడు విప్పాలో తనిష్టం.

తినేవి రెండు మూడు రకాలకి తగ్గిపోయి బరువు పెరగకపోయినా, బట్టలు వేసుకోలేక బడి మానేస్తున్నా, మాటలు ఆలస్యమైనా, పేరు పెట్టి పిలిస్తే పలక్కపోయినా పిల్లల డాక్టరుకి చూపించండి. ఆటిజం (నలుగురితో మాట్లాడటం, కలవడం కష్టమయ్యే ఎదుగుదల తేడా) ఉన్న పిల్లల్లో ఈ ఇబ్బంది ఎక్కువగా కనిపిస్తుంది, అది లేని పిల్లల్లోనూ ఉంటుంది. కాబట్టి మీకు మీరే ఒక నిర్ణయానికి వచ్చి టెన్షన్ పడకండి. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద అంగన్‌వాడీల్లో, ప్రభుత్వ బడుల్లో 18 ఏళ్ల వరకు పిల్లలని ఉచితంగా పరీక్షిస్తారు. అవసరమైతే పిల్లల ఎదుగుదల ఇబ్బందులకి చిన్నప్పుడే చికిత్స చేసే జిల్లా ఎర్లీ ఇంటర్వెన్షన్ సెంటర్‌కి పంపుతారు. మీ అంగన్‌వాడీ టీచర్ని గానీ ఆశా వర్కర్ని గానీ అడగండి.

బుగ్గ గిల్లే బంధువులకి "ముట్టుకునే ముందు ఒక మాట చెప్పండి అత్తా" అని మీరే చెప్పాలి, పిల్ల చెప్పలేదు. బడిలో టీచరుకీ అంతే. ప్రేయర్ లైన్లో వెనక నుంచి ఎవరూ తగలకుండా చివర నిలబెట్టమని, క్లాసులో గోడ పక్కన కూర్చోబెట్టమని, పిలవాలంటే వెనక నుంచి భుజం తట్టకుండా ఎదురుగా వచ్చి పేరు పెట్టి పిలవమని ఒక కాగితం మీద రాసి ఇవ్వండి. టీచరు మారిన ప్రతి ఏడూ మళ్లీ రాసివ్వాలి.