ఇంటి ఇంటర్నెట్‌ను కంప్యూటర్లకు పంచుకోవడం – నాలుగవ పాఠం: రెండవ రౌటర్

గత పాఠంలో ఫైబర్ తీగ చివర ఉండే ఓఎన్‌టీ పెట్టెకు ఒక కంప్యూటర్‌ను కేబుల్‌తో కలిపి, దాని సెట్టింగుల పేజీని తెరవడం వరకు వచ్చాము. ఈ పాఠంలో అదే కనెక్షన్‌ను ఇంట్లోని మిగిలిన కంప్యూటర్లకు వైఫై ద్వారా అందించడం నేర్చుకుందాము.

హైదరాబాద్ ఫ్లాట్లలో ఫైబర్ తీగ సాధారణంగా బాల్కనీ నుంచో, మెట్ల పక్కనున్న డక్టు నుంచో లోపలికి వచ్చి హాలులో టీవీ దగ్గర ఆగిపోతుంది. చదువుకునే పిల్లల కంప్యూటర్ మాత్రం వెనుక పడకగదిలో ఉంటుంది. మధ్యలో స్నానాల గది టైల్స్ గోడ, వంటగది, ఫ్రిజ్ అడ్డం వస్తాయి. సిగ్నల్ అందకపోవడంతో సికింద్రాబాద్‌లోని కంప్యూటర్ల మార్కెట్ అయిన సీటీసీకి వెళ్లి ఇంకొక రౌటర్ కొని తెచ్చి కలుపుతారు. అసలు చిక్కు అక్కడే మొదలవుతుంది. అందుకే ఈ పాఠంలో ఒక్క నియమాన్ని గట్టిగా పట్టుకోవాలని కోరుతున్నాను: ఇంట్లో ఎన్ని పెట్టెలున్నా, చిరునామాలు పంచే పెట్టె ఒక్కటే ఉండాలి.

ఈ నియమం ఎందుకో తెలియాలంటే చిరునామాల సంగతి కొంత తెలియాలి. ఇళ్లలోను, కార్యాలయాలలోను లోపలి వాడకానికి ఐపీ చిరునామాలలో (నెట్‌వర్క్‌లో ప్రతి కంప్యూటర్‌ను గుర్తించే అంకెలలో) మూడు శ్రేణులను 1996లో ప్రత్యేకంగా కేటాయించారు. వాటిలో 192.168తో మొదలయ్యే శ్రేణి మన ఇళ్లలో ఎక్కువగా కనిపిస్తుంది. ఓఎన్‌టీ తనలోని డీహెచ్‌సీపీ అనే ఏర్పాటు ద్వారా ప్రతి కంప్యూటర్‌కు ఈ శ్రేణిలోని ఒక చిరునామాను కొంత గడువుకు ఇస్తుంది. బయటి ప్రపంచానికి మాత్రం ఇల్లంతా కలిపి ఒకే చిరునామాతో కనిపిస్తుంది. అపార్ట్‌మెంటుకు వచ్చిన పార్సిళ్లన్నిటినీ గేటు దగ్గర వాచ్‌మన్ తీసుకుని, ఏది ఏ ఫ్లాటుదో చూసి పైకి పంపినట్లే, బయటి నుంచి వచ్చిన సమాచారాన్ని ఓఎన్‌టీ ఏ కంప్యూటర్ అడిగిందో గుర్తుపెట్టుకుని దానికే చేరుస్తుంది. ఈ పనినే న్యాట్ అంటారు.

ఇప్పుడు కొత్త రౌటర్‌ను పెట్టెలోంచి తీసి, ఓఎన్‌టీ నుంచి వచ్చిన కేబుల్‌ను దాని వ్యాన్ పోర్టులో, అంటే బయటి లైను కోసం ఉండే రంధ్రంలో, పెట్టారనుకోండి. ఆ రౌటర్ కూడా తన వంతుగా చిరునామాలు పంచుతూ, ఇంకొకసారి న్యాట్ చేస్తూ, ఇంట్లోపల మరో ఇల్లు కడుతుంది. వెబ్ పేజీలు తెరుచుకుంటాయి కనుక చాలామంది దీన్ని గమనించరు. కానీ హాలులోని ల్యాప్‌టాప్ చిరునామా 192.168.1తో, వెనుక గదిలోని కంప్యూటర్ చిరునామా 192.168.0తో మొదలవుతాయి. హాలు వైపు నుంచి వెనుక గది కంప్యూటర్‌లోని ఫోల్డరు తెరుచుకోదు, ఒక వైపున్న ప్రింటర్ రెండో వైపు జాబితాలో కనిపించదు. రెండు పెట్టెలూ 192.168.1 శ్రేణినే వాడుతూ ఉంటే, కొన్ని రౌటర్లు తమంతట తాము శ్రేణి మార్చుకుంటాయి, మార్చుకోని వాటిలో ఇంటర్నెట్ పూర్తిగా ఆగిపోవచ్చు.

ఇంతకంటే ఇబ్బంది పెట్టే తప్పు ఇంకొకటి ఉంది. కేబుల్‌ను కొత్త రౌటర్ ల్యాన్ పోర్టులో (ఇంటి లోపలి కంప్యూటర్ల కోసం ఉండే రంధ్రంలో) పెట్టి, దాని డీహెచ్‌సీపీని ఆపకుండా వదిలేస్తే, ఒకే నెట్‌వర్క్‌లో ఇద్దరు పంపకందారులు తయారవుతారు. ఓఎన్‌టీ ముందుగా జవాబిచ్చిన కంప్యూటర్‌కు ఇంటర్నెట్ వస్తుంది. కొత్త రౌటర్ ముందుగా జవాబిచ్చిన కంప్యూటర్ మాత్రం ఆ రౌటర్‌నే బయటికి దారి అనుకుంటుంది, దానికి బయటికి దారే లేదు. ఉదయం పనిచేసిన కంప్యూటర్ సాయంత్రం పనిచేయకపోవడం, తీసి పెడితే మళ్లీ రావడం, సర్వీసు కుర్రవాడు వచ్చినప్పుడు అంతా సవ్యంగా ఉండటం – ఇటువంటి ఫిర్యాదు ఎక్కడ విన్నా, రెండవ డీహెచ్‌సీపీ ఉందేమోనని మొదట అనుమానించాలి.

సరైన పద్ధతి ఇది. కొత్త రౌటర్‌ను ఇంకా ఓఎన్‌టీకి కలపకుండా, ఒక ల్యాప్‌టాప్‌ను మాత్రమే కేబుల్‌తో దానికి కలిపి, రౌటర్ అడుగున అంటించిన చీటీ మీది చిరునామాతో సెట్టింగుల పేజీ తెరవండి. అందులో యాక్సెస్ పాయింట్ మోడ్ (వైఫైని మాత్రమే అందించే పద్ధతి) ఉంటే దాన్ని ఎంచుకుని భద్రపరిస్తే చాలు, చిరునామాలు పంచే బాధ్యతను రౌటర్ తానే వదులుకుంటుంది. ఆ తరువాత దాన్ని కేబుల్‌తో ఓఎన్‌టీకి కలపండి.

ఆ మోడ్ లేని పాత రౌటర్ అయినా పారేయనక్కరలేదు. ముందుగా ఓఎన్‌టీ పేజీలో అది ఏ అంకె నుంచి ఏ అంకె వరకు చిరునామాలు పంచుతున్నదో చూడండి. ఆ పరిధిని ఉదాహరణకు 192.168.1.200 దగ్గర ఆపి, కొత్త రౌటర్ ల్యాన్ చిరునామాను పరిధికి బయట ఉండే 192.168.1.250గా మార్చండి. మార్చగానే పేజీ తెగిపోతుంది, కంగారు పడవలసిన పని లేదు, కేబుల్ ఒకసారి తీసి పెట్టి కొత్త చిరునామాతో మళ్లీ తెరవాలి. ఆ తరువాత డీహెచ్‌సీపీని ఆపి, ఓఎన్‌టీ ల్యాన్ పోర్టు నుంచి కొత్త రౌటర్ ల్యాన్ పోర్టుకు కేబుల్ కలపండి. వ్యాన్ పోర్టు ఖాళీగానే ఉండాలి. ఈ వరుసను తలకిందులు చేయవద్దు: డీహెచ్‌సీపీని ముందే ఆపేస్తే ల్యాప్‌టాప్‌కు చిరునామా ఇచ్చేవారు లేక, సెట్టింగుల పేజీ అందకుండా పోవచ్చు.

రెండు పెట్టెల మధ్య కేబుల్ లాగడం శ్రమే అయినా ఆ శ్రమ వృథా పోదు. క్యాట్ 5ఈ కేబుల్ 100 మీటర్ల వరకు పనిచేస్తుంది కాబట్టి ఏ ఫ్లాటుకైనా సరిపోతుంది. గోడల్లో టీవీ తీగ కోసం వేసిన పైపు ఉంటే అందులోంచి లాగించవచ్చు. కరెంటు తీగలున్న పైపులో మాత్రం దీన్ని కలిపి లాగించవద్దు. కేబుల్ అసలే కుదరకపోతే రిపీటర్ వాడవచ్చు గాని, ఒకే రేడియోతో ఇటు విని అటు చెప్పే రిపీటర్ దగ్గర వేగం సుమారు సగానికి పడిపోతుంది. దాన్ని సిగ్నల్ లేని గదిలో కాకుండా, సిగ్నల్ ఇంకా బాగా అందుతున్న మధ్య చోట పెట్టాలి.

ఇక ఛానళ్లు, అంటే వైఫై వాడుకునే రేడియో దారులు. కూకట్‌పల్లి, మియాపూర్ వంటి చోట్ల అపార్ట్‌మెంట్లలో ల్యాప్‌టాప్ తెరిస్తే పొరుగువారి వైఫై పేర్లు వరుసగా కనిపిస్తాయి. వైఫై వాడే తరంగ పరిధులలో (బ్యాండులలో) ఒకటైన 2.4 గిగాహెర్ట్జ్‌లో ఒకదానిపై ఒకటి పడకుండా పనిచేసే ఛానళ్లు 1, 6, 11 మాత్రమే కనుక, మీ రెండు పెట్టెలకూ వీటిలో వేర్వేరువి ఎంచుకుని, ఛానల్ వెడల్పు 20 మెగాహెర్ట్జ్ దగ్గరే ఉంచండి. 5 గిగాహెర్ట్జ్‌లో చోటు చాలా ఎక్కువ. మన దేశంలో ఈ బ్యాండులో లైసెన్సు లేకుండా వాడుకోదగిన పరిధిని 2018లో విస్తరించారు. అయితే ఈ తరంగాలు గోడల దగ్గర త్వరగా బలహీనపడతాయి, పాతబస్తీలో రాతితో, సున్నంతో కట్టిన మందపాటి గోడల ఇళ్లలో ఇది మరీ స్పష్టంగా తెలుస్తుంది. అటువంటి ఇంట్లో ఖరీదైన ఒకే రౌటర్ కన్నా కేబుల్‌తో కలిపిన రెండు సాధారణ రౌటర్లే మేలని నా నిశ్చితాభిప్రాయం.

రెండు పెట్టెలకూ ఒకే వైఫై పేరు, ఒకే పాస్‌వర్డ్, ఒకే భద్రతా పద్ధతి ఇస్తే, ల్యాప్‌టాప్‌తో గది మారినప్పుడు అది బలమైన దానికి తానే మారగలదు. భద్రతకు డబ్ల్యూపీఏ2 ఏఈఎస్ గాని, 2018లో వచ్చిన డబ్ల్యూపీఏ3 గాని ఎంచుకోండి. డబ్ల్యూఈపీ అనే పాత భద్రతా పద్ధతి లోపాలు 2001లోనే బయటపడ్డాయి, దాన్ని ఏ కారణం చేతనూ వాడవద్దు. బటన్‌తోనో, పిన్‌తోనో వైఫైకి కలిపే డబ్ల్యూపీఎస్‌ను ఆపేయండి. సెట్టింగుల పేజీ పాస్‌వర్డ్‌ను వైఫై పాస్‌వర్డ్‌కు భిన్నంగా పెట్టుకోండి. అతిథుల నెట్‌వర్క్ గురించి ఒక హెచ్చరిక: చాలా రౌటర్లు యాక్సెస్ పాయింట్ మోడ్‌లో ఉన్నప్పుడు అతిథులను ఇంటి కంప్యూటర్ల నుంచి వేరు చేయలేవు, కాబట్టి ఆ సౌకర్యాన్ని ఓఎన్‌టీలో ఉంటే అక్కడే పెట్టుకోవడం మంచిది.

ఇప్పుడు పరీక్షించుకుందాము. వెనుక గదిలో కొత్త రౌటర్ వైఫైకి ల్యాప్‌టాప్‌ను కలిపి, విండోస్ కమాండ్ ప్రాంప్ట్‌లో ‘ఐపీకాన్‌ఫిగ్’ ఆదేశాన్ని ఆంగ్లాక్షరాలలో టైపు చేయండి. డీఫాల్ట్ గేట్‌వే (బయటికి దారి) దగ్గర ఓఎన్‌టీ చిరునామాయే కనిపించాలి. 192.168.1.250 కనిపిస్తే కొత్త రౌటర్ ఇంకా చిరునామాలు పంచుతోందని అర్థం. 169.254తో మొదలయ్యే చిరునామా వచ్చిందంటే ఎవరూ పంచలేదని అర్థం, కేబుల్‌ను చూడాలి. ఆ తరువాత పింగ్ ఆదేశంతో మొదట కొత్త రౌటర్‌ను, తరువాత ఓఎన్‌టీని, చివరకు ఇంటర్నెట్‌లో ఉండే గూగుల్ సర్వర్ చిరునామా అయిన 8.8.8.8ను పలకరించండి. మొదటిది పలకకపోతే లోపం వైఫైలో ఉంది. మొదటిది పలికి రెండవది పలకకపోతే పెట్టెల మధ్య కేబుల్‌లో ఉంది. రెండూ పలికి మూడవది పలకకపోతే బయటి లైనులో ఉంది, ఫిర్యాదు నమోదు చేయవలసింది అప్పుడే.