హాలండ్ బండి మీది హెరింగ్ తినే పద్ధతి: చెన్నై నుంచి వెళ్లే తెలుగువారికి

చదువు కోసమో ఉద్యోగం మీదనో చెన్నై నుంచి నెదర్లాండ్స్ వెళ్లే తెలుగువాళ్లలో చేపలంటే ప్రాణం పెట్టేవారు తక్కువేమీ కాదు. ఆదివారం పూట చేపల పులుసు ఉండి తీరాల్సిన నెల్లూరు ఇళ్లలో పెరిగినవాళ్లు కూడా, అక్కడ బజారు మూల మీద ఎరుపు, తెలుపు, నీలం జెండా కట్టిన చేపల బండి దగ్గరికి వెళ్లి, పిండిలో ముంచి వేయించిన కిబ్బెలింగ్ ముక్కలు పొట్లం కట్టించుకుని, పక్కనే వెండిలా మెరుస్తున్న హెరింగ్ వరసను చూడనట్టే తిరిగి వస్తారు. మొదటిసారి వెళ్లినప్పుడు నేనూ అదే చేశాను. అది పచ్చి చేప అన్న ఒక్క మాటే మనల్ని ఆపేస్తుంది. ఆ మాట సగమే నిజం. ఆ చేప పొయ్యి ఎక్కని మాట వాస్తవమే కానీ, అది పచ్చిది కాదు, ఊరినది. ఊరగాయను, మాగిన పండును మనం ఏ కళ్లతో ఎంచుకుంటామో అవే కళ్లతో దాన్నీ ఎంచుకోగలిగితే, తినడం ఏమంత కష్టం కాదు.

ఊరడం ఎలా జరుగుతుందో ముందు తెలుసుకోవాలి. చేపను పట్టిన తరువాత దాని గొంతు దగ్గర పొట్టి కత్తితో గాటు పెట్టి, మొప్పలను, పేగుల్లో చాలా భాగాన్ని ఒక్క లాగులో బయటికి తీస్తారు. రక్తం కారిపోతుంది. క్లోమాన్ని మాత్రం కావాలనే లోపల వదిలిపెడతారు. ఆ క్లోమంలోని ఎంజైములు కొద్దిపాటి ఉప్పు తోడుగా మాంసాన్ని లోపలి నుంచి మెత్తబరిచి, నీచు తగ్గించి, వెన్నలాంటి గుణం తెస్తాయి. ఈ పనిని డచ్చివారు కాకెన్ అంటారు. 14వ శతాబ్దంలో బీర్‌వ్లీట్ అనే ఊరి జాలరి విల్లెమ్ బ్యోకెల్స్‌జోన్ దీన్ని కనిపెట్టాడని వాళ్లు చెప్పుకుంటారు. పండు మాగడానికి వాడే క్రియాపదాన్నే వాళ్లు ఈ చేపకూ వాడతారు. మన ఆవకాయ జాడీలోనూ నిప్పు ప్రమేయం లేకుండానే ముక్క ఊరుతుంది, మూడో రోజు తిరగకలిపి అన్నంలో కలుపుకొనేటప్పుడు అది పచ్చిమామిడికాయ అని ఎవరూ వెనుకాడరు.

ఇక కాలం సంగతి. వసంతంలో ఉత్తర సముద్రంలో ప్లవకాలు (నీటిలో తేలే సూక్ష్మజీవులు) విపరీతంగా పెరిగినప్పుడు వాటిని తిని హెరింగ్ కొవ్వు పడుతుంది. జన, అంటే కడుపులో గుడ్లు, ఇంకా కట్టని ఆ దశలోనే పట్టాలి, ఎందుకంటే జన కట్టడం మొదలైతే ఆ కొవ్వంతా దానికే ఖర్చవుతుంది. అందుకే ఈ చేపకు మాత్యెస్ అని, అంటే దాదాపు కన్నెచేప అని అర్థం వచ్చే పేరు వచ్చింది. కొవ్వు కనీసం 16 శాతం ఉంటేనే దానికి హాలండ్సె నీవె, అంటే హాలండ్ వారి కొత్తది, అని పేరు పెట్టి అమ్మవచ్చు. కొత్త సరుకు జూన్ మధ్యలో బజారుకు వస్తుంది. స్ఖేవెనింగెన్ రేవులో ఆ సందర్భంగా జెండాల పండుగ జరుగుతుంది, మొదటి పీపాను వేలం వేసి ఆ సొమ్మును దానధర్మాలకు ఇస్తారు. వానకాలంలో గోదావరికి ఎదురెక్కిన తొలి పులసకు యానాం వైపు పలికే ధర విన్నవాళ్లకు ఈ వేలంపాట వింతగా అనిపించదు. పుస్తెలమ్ముకొనైనా తినాలని మనవాళ్లు చెప్పిన పులస కూడా హెరింగ్‌కు దూరపు చుట్టమే, దాని రుచి కూడా గుడ్లు పెట్టబోయే ముందు ఒంట్లో దాచుకున్న కొవ్వులోనే ఉంది. కాబట్టి ప్రయాణం మీ చేతిలో ఉంటే జూన్ చివరి నుంచి ఆగస్టు లోపు వెళ్లండి. మిగతా నెలల్లోనూ హెరింగ్ దొరుకుతుంది, కానీ అది ఆ వేసవిలో పట్టి గడ్డకట్టించి దాచిన సరుకే.

గడ్డకట్టించడం అనగానే చాలామంది ముఖం చిట్లిస్తారు, తాజా కాదన్నమాట అంటారు. నిజానికి మనం నిర్భయంగా తినగలగడానికి కారణం అదే. హెరింగ్ ఒంట్లో అనిసాకిస్ అనే సన్నని పురుగు ఉండవచ్చు. అది బతికి ఉండగా మన కడుపులోకి వెళితే తీవ్రమైన నొప్పి, వాంతులు వస్తాయి. పూర్వం ఉప్పు దండిగా వేసి నెలల తరబడి పీపాల్లో ఉంచేవారు గనుక పురుగు చచ్చేది. ఓడల్లో శీతల సదుపాయం వచ్చి ఉప్పు తగ్గించాక జబ్బులు బయటపడ్డాయి, దాంతో 1968లో నెదర్లాండ్స్ చట్టం చేసింది. చేపను సున్నాకు 20 డిగ్రీల దిగువన కనీసం 24 గంటలు ఉంచితేనే అమ్మాలి. ఈనాడు బండి మీద కనిపించే ప్రతి హెరింగూ ఆ చలి దాటుకుని వచ్చినదే. అందుచేత అక్కడ మీరు భయపడవలసింది పురుగుకు కాదు, గడ్డ విడిపించిన తరువాత ఎక్కువసేపు నిలవ ఉంచిన చేపకు.

ఈ తేడా నాకు రెండో ప్రయాణంలో అనుభవం మీద తెలిసింది. ఫిబ్రవరిలో ఒక సాయంత్రం, ఆమ్‌స్టర్‌డామ్‌లో పర్యాటకులు కిక్కిరిసే వీధిలో, ఒక దుకాణం అద్దాల పెట్టెలో ముందుగానే ఒలిచి, ముక్కలు కోసి, పళ్లెంలో పెట్టి ఉంచిన హెరింగ్ కొన్నాను. అంచులు గోధుమ రంగుకు తిరిగి ఉన్నాయి, అదే దాని సహజమైన రంగనుకున్నాను. నోట్లో పెట్టగానే అప్పడాలు వేయించిన నూనెను వారం రోజులు మూత తీసి ఉంచితే వచ్చే వాసన తగిలింది. అంత కొవ్వున్న చేప గాలి తగిలితే అంతే మరి. ఆ తరువాత రెండేళ్ల పాటు హెరింగ్ పేరెత్తితే నాకు ఆ వాసనే గుర్తొచ్చేది. తప్పు చేపది కాదని ఒప్పుకోవడానికి మూడో ప్రయాణం కావలసి వచ్చింది.

కాబట్టి బండిని ఎంచుకోవడంలోనే పని సగం అయిపోతుంది. అమ్మే మనిషి చేతిలో కత్తి ఆడుతూ ఉండాలి. మీరు అడిగిన తరువాతే చేపను శుభ్రం చేసి ఇచ్చే చోటుకే వెళ్లండి. కత్తి మీది నుంచి నేరుగా అని అర్థం వచ్చే ఫాన్ హెట్ మెస్ అన్న మాటను అక్కడివాళ్లు మెచ్చుకోలుగా వాడతారు. వరసలో స్థానికులు, ముఖ్యంగా వయసు మళ్లినవాళ్లు నిలబడి ఉంటే ఇంకేమీ చూడనక్కరలేదు. మధ్యాహ్నం భోజనవేళ సరుకు చకచకా కదులుతుంది, అది మంచి సమయం. చేప వెలుపల వెండి మెరుపు, లోపల లేత గులాబీ రంగు, వెన్నెముక ఉన్న చోట ఎర్రటి చార కనబడాలి. బూడిద రంగు, పసుపు తిరిగిన అంచులు, పైన తడారిన పొర కనబడితే నవ్వి పక్కకు తప్పుకోండి. ముక్కుకు సముద్రపు గాలి వాసన మాత్రమే తగలాలి.

మంచి బండి దగ్గర రెండు నిమిషాలు ఊరికే నిలబడి చూడటం కూడా తిండిలో భాగమే. ఆమె (నేను చూసిన చోట అరవై దాటిన ఒకావిడ) జానెడు చేపను ఎడమ చేత్తో పట్టుకుని, తల తీసేసి, పొట్ట కింద పొడుగునా ఒక గీత గీసి, లోపల మిగిలినదాన్ని కత్తి మొనతో తుడిచేసింది. తరువాత మెడ దగ్గర తోలు అంచును బొటనవేలితో లేపి తోక వైపు లాగితే, అది అరటిపండు తొక్కలా ఒక్క పట్టున ఊడి వచ్చింది. వెన్నుముల్లును రెండు వేళ్ల మధ్య ఇరికించి లేపింది. మిగిలినవి తోక దగ్గర కలిసి ఉన్న రెండు పలకలు. పట్టుకోవడానికి పిడిగా పనికొస్తుందని ఆ తోకను ఉంచేస్తారు. వెంట్రుకల్లాంటి ముళ్లు కొన్ని మాంసంలోనే ఉండిపోతాయి, కానీ అవి ఊరి మెత్తబడి ఉంటాయి గనుక మనం పులుసులో ముల్లు ఏరుకున్నట్టు ఏరుకోనక్కరలేదు.

అడగడానికి నాలుగు మాటలు చాలు. ఏన్ హారింగ్ అంటే ఒక హెరింగ్. మెట్ అవుట్యెస్ అంటే ఉల్లిపాయ ముక్కలతో. ఎన్ జ్యూర్ అని చేరిస్తే పుల్లటి దోసకాయ ఊరగాయ కూడా వేస్తారు. ఇంగ్లీషులో అడిగినా ఎవరూ ఏమీ అనుకోరు. ఆమ్‌స్టర్‌డామ్‌లో అయితే చేపను ఐదారు ముక్కలుగా కోసి, కాగితపు పళ్లెంలో పెట్టి, చిన్న జెండా గుచ్చిన పుల్ల ఇస్తారు. మిగిలిన చాలా చోట్ల చేపను ఉల్లి ముక్కల్లో పొర్లించి, తోక పట్టుకుని, తల వెనక్కి వాల్చి, పైనుంచి నోట్లోకి దించుకుని కొరుకుతారు. ఫొటోల్లో అందరూ చూపించేది ఈ పద్ధతినే. మొదటిసారి తినేవాళ్లకు నేను దీన్ని సిఫారసు చేయను. నోరు నిండిపోయి, రుచి తెలిసే లోపే కంగారు పుడుతుంది. ముక్కలే కోయించుకోండి. అదీ ఇబ్బందిగా ఉంటే బ్రోత్యె హారింగ్ అడిగితే మెత్తని తెల్ల బన్నులో పెట్టి ఇస్తారు. లైడెన్ నగరంలో 1574లో స్పెయిన్ సేనల ముట్టడి తొలగిన జ్ఞాపకంగా ఇప్పటికీ అక్టోబరు 3న హెరింగ్‌ను తెల్ల రొట్టెతోనే పంచి తింటారు.

మొదటి ముక్కను ఉల్లిపాయ లేకుండా తినాలన్నది నా నియమం. పాతబడిన చేప వాసనను కప్పిపుచ్చడానికే ఉల్లి వచ్చిందని అక్కడే కొందరు ముసలివాళ్లు ఎగతాళి చేస్తారు. అందులో నిజమెంతున్నా, ఒట్టి ముక్కతో మొదలుపెడితే చేప మంచిదో కాదో మీ నాలుకే చెప్పేస్తుంది. ముక్క చల్లగా ఉంటుంది. పంటికి చేపలా కాక గట్టి వెన్నలా లొంగుతుంది, ముందు ఉప్పు, వెంటనే కొవ్వు తీపి, చివర ఎక్కడో ఇనుము లాంటి పలుచని రుచి. నమలడం ఆపకండి, చప్పరిస్తూ కూర్చోకండి. రెండో ముక్కను ఉల్లితో, మూడోదాన్ని దోస ఊరగాయతో తినండి. పెరుగన్నంలో మామిడికాయ కొరుక్కునే అలవాటు ఉన్న నాలుకకు ఆ ఉప్పు, కొవ్వు, పులుపుల పొత్తు తొందరగానే పట్టుబడుతుంది. కారం కోసం మాత్రం చూడకండి, సంచిలోని పొడి డబ్బాను బయటికి తీయకండి. రేవు దగ్గర తింటుంటే మరొక జాగ్రత్త కావాలి: సీగల్ అనే సముద్రపు పక్షులు వెనక నుంచి వచ్చి చేతిలో చేపను తన్నుకుపోతాయి, అందుకని గోడకు వీపు ఆనించి నిలబడాలి.

గర్భిణులు, రోగనిరోధక శక్తి తగ్గినవాళ్లు, రక్తపోటుకు ఉప్పు తగ్గించమని వైద్యులు చెప్పినవాళ్లు ముందుగా తమ వైద్యులను అడిగి తినాలి. చేపలు పడనివాళ్ల సంగతి చెప్పనక్కరలేదు.

ఇప్పుడు చెన్నై విషయానికి వస్తాను, ఎందుకంటే అసలు ప్రమాదం ఇక్కడే ఉంది. అక్కడ తిని మెచ్చి వచ్చినవాళ్లలో ఒకరిద్దరు, కాశిమేడు రేవులోనో చింతాద్రిపేట బజారులోనో తెల్లవారుజామున నిగనిగలాడే మత్తిని, అంటే మన నూనె కవళ్లను చూసి, ఇవి కూడా హెరింగ్ చుట్టాలే కదా, ఇంట్లో ఉప్పు వేసి ఊరబెడదామా అని నన్ను అడిగారు. దయచేసి ఆ పని చేయకండి. మన ఇంటి ఫ్రీజర్ సాధారణంగా సున్నాకు 18 డిగ్రీల దిగువన ఆగిపోతుంది, తలుపు తీసినప్పుడల్లా, కరెంటు పోయినప్పుడల్లా ఇంకా పైకి వస్తుంది. పచ్చిగా తినబోయే చేపను సున్నాకు 20 డిగ్రీల దిగువన ఏడు రోజులు ఉంచాలని అమెరికా ఆహార, ఔషధ సంస్థ సూచిస్తుంది. పైగా ఈ జాతి చేపలు మన వేడిలో కాసేపు మంచు లేకుండా ఉంటే వాటిలో హిస్టమిన్ అనే, ఒంటికి హాని చేసే పదార్థం పెరుగుతుంది, దాన్ని గడ్డకట్టించినా ఉడికించినా పోగొట్టలేము. కాశిమేడు మత్తికి చింతపండు పులుసే తగిన గౌరవం. ప్రయాణానికి ముందు నాలుకకు అలవాటు చేయాలనుకుంటే, చెన్నైలోని నమ్మకమైన జపనీస్ భోజనశాలలో సాల్మన్ సాషిమి రెండు ముక్కలు తిని చూడండి. ఉడకని చేప చల్లదనం, మెత్తదనం దానితో తెలిసిపోతాయి.

చెన్నైకి ఉత్తరాన, మనవాళ్లు ప్రళయ కావేరి అని పిలుచుకున్న పులికాట్‌లో డచ్చివారు 1613లో గెల్‌డ్రియా కోట కట్టుకుని, 1825 దాకా ఏదో ఒక రూపంలో అంటిపెట్టుకుని ఉన్నారు. వాళ్ల సమాధులు ఇప్పటికీ అక్కడ ఉన్నాయి. ఆ సరస్సు చేపలను వాళ్లు ఎలా వండుకున్నారో గానీ, ఊరబెట్టే విద్యను మాత్రం మనకు వదిలిపోలేదు.

నేను హెరింగ్ తిన్న సంగతి ఫోనులో విని నెల్లూరు నుంచి మా పెద్దమ్మ, "ఏంది నాయనా, ఉడకని చేప తిన్నావంట?" అని కంగారుపడింది. "ఊరిన చేప పెద్దమ్మా, ఆవకాయ లాగా," అంటే కాసేపు ఆగి, "అయితే నాకో నాలుగు పట్టుకురా," అంది. తేలేను. గడ్డ విడిపించిన హెరింగ్‌ను ఆ రోజే తినాలి, గదికి తెచ్చుకున్నా ఫ్రిజ్‌లో పెట్టి రాత్రి లోపు ముగించాలి. పది గంటలకు పైగా సాగే ప్రయాణంలో పెట్టెలో పెట్టి తేవడానికి అది పనికిరాదు.