దిదఖే చెప్పిన బాప్తిస్మ క్రమం: ముందు బోధ, ఆ తరువాతే నీరు

ముంచాలా, చిలకరించాలా అన్న వాదం మన తెలుగు సంఘాల్లో నేటికీ తెగలేదు. తొలి క్రైస్తవులు ఈ పనిని ఎలా జరిపేవారో తెలుసుకోదలచినవారు ముందుగా చూడవలసినది దిదఖే అనే చిన్న గ్రీకు గ్రంథంలోని ఏడవ అధ్యాయం. చాలామంది పండితులు దీనిని మొదటి శతాబ్దం చివరికో, రెండవ శతాబ్దం ఆరంభానికో చెందినదిగా లెక్కిస్తారు. దీని ప్రతి 1873లో కాన్‌స్టాంటినోపుల్‌లో బయటపడింది.

నీటి దగ్గరకు వెళ్లేముందు బోధ పూర్తి కావాలి. జీవమార్గం, మరణమార్గం అంటూ మొదటి ఆరు అధ్యాయాలలో చెప్పినదంతా వినిపించిన తరువాతే బాప్తిస్మం ఇవ్వాలని ఏడవ అధ్యాయం మొదటి వాక్యమే చెబుతుంది. తరువాతది ఉపవాసం. బాప్తిస్మం పొందేవారు ఒకటి రెండు రోజుల ముందు నుంచి తప్పనిసరిగా ఉండాలి. ఇచ్చేవారు, చేయగలిగిన తక్కినవారు కూడా వారితో కలిసి ఉండాలి. ఇచ్చేవారికీ ఉపవాసం ఉందన్న సంగతి మనవాళ్లు అంతగా పట్టించుకోరు.

ఇక నీరు. మొదట వెతకవలసినది పారే నీరు; గ్రీకులో దానిని జీవజలం అన్నారు. అది లేకపోతే వేరే నీరు వాడవచ్చు. చన్నీళ్లు కుదరకపోతే వేన్నీళ్లయినా సరే. ఆ రెండూ తగినంత లేనప్పుడు తండ్రి, కుమార, పరిశుద్ధాత్మల నామమున తలపై మూడుసార్లు నీరు పోయాలి. నీటి విషయంలో ఇన్ని సడలింపులు ఇచ్చిన గ్రంథం ఆ నామం విషయంలో ఒక్కటీ ఇవ్వలేదు. ఎన్నిసార్లు ముంచాలో కూడా చెప్పలేదు కనుక, ముంచడమే సరైనదనేవారికైనా, పోస్తే చాలనేవారికైనా ఇక్కడ పూర్తి గెలుపు దొరకదు.

దిదఖే క్రమంలో తైలం పూసే ఊసే లేదు. అది తొలి సంఘ బోధకుడైన హిప్పొలిటస్ పేరున ప్రచారంలో ఉన్న 'అపొస్తలుల సంప్రదాయం' అనే మరో పాత గ్రంథంలో కనబడుతుంది. ఆ క్రమంలో కోడి కూసే వేళకు నీటిపై ప్రార్థన చేసి, ముందు పిల్లలకు, తరువాత పురుషులకు, చివరగా జుట్టు విప్పి బంగారు నగలు తీసి పక్కన పెట్టిన స్త్రీలకు బాప్తిస్మం ఇస్తారు. సాతానును విసర్జించాక భూతోచ్చాటన తైలం పూస్తారు. నీటిలో నిలబడినవారిని తండ్రిని గూర్చి, కుమారుని గూర్చి, పరిశుద్ధాత్మను గూర్చి విడివిడిగా ప్రశ్నిస్తారు. వారు "నమ్ముచున్నాను" అన్న ప్రతిసారీ ఒక బాప్తిస్మం చొప్పున మూడు పూర్తవుతాయి. నీటిలోంచి బయటికి వచ్చాక కృతజ్ఞతా తైలం పూసి, బట్టలు కట్టుకోనిచ్చి సంఘం మధ్యకు తీసుకువస్తారు. అక్కడ రొట్టె, ద్రాక్షారసంతో పాటు తేనె కలిపిన పాలగిన్నె కూడా వారి చేతికి అందుతుంది.