ఏ క్లబ్బు పట్టుకోవాలి? కొత్తగా ఫుట్‌బాల్ చూసేవాళ్ళకి ఒక టిఫిన్ కొట్టువాడి సలహా

మా మేనల్లుడు ఇంటర్ రెండో సంవత్సరం. మొన్న ఆదివారం కొట్లో రద్దీ తగ్గాక బెంచీ మీద కూర్చున్నాడు. రెండో పెసరట్టు సగంలో ఉండగా అడిగాడు.

"మావయ్యా, నేనూ ఫుట్‌బాల్ చూద్దామనుకుంటున్నాను. ఏ టీముకి సపోర్ట్ చెయ్యమంటావు?"

"నీకేదంటే ఇష్టంరా?"

"అదే తెలీడం లేదు. క్లాసులో సగంమంది మాంచెస్టర్ సిటీ, సగంమంది రియల్ మాడ్రిడ్. నేనొక్కడినే ఏటీ లేకుండా మిగిలిపోయాను."

విజయనగరంలో ఈ ప్రశ్న అడిగేవాళ్ళు తక్కువ. ఇది విజ్జీ ఊరు. 1936లో ఇంగ్లండు వెళ్ళిన ఇండియా క్రికెట్ జట్టుకి కెప్టెన్ మా రాజుగారింటి మనిషే (ఆయన బ్యాటింగ్ సంగతి అడక్కండి). ఇక్కడ పిల్లాడికి నడక రాకముందే చేతిలో బ్యాటు పెడతారు. అందుకని వాడికి చెప్పిందంతా, ఇలాంటివాళ్ళు ఇంకెవరైనా ఉంటారని, ఇక్కడ రాస్తున్నాను.

ముందు మీ గడియారం చూసుకోండి. ఇది ఎవరూ చెప్పరు. నేను తెల్లారి నాలుగింటికి లేచి ఇడ్లీపాత్ర పొయ్యి మీదకి ఎక్కించాలి. యూరప్ దేశాల పెద్ద క్లబ్బులు తలపడే ఛాంపియన్స్ లీగ్ మ్యాచ్‌లు చాలావరకు మనకి అర్ధరాత్రి పన్నెండున్నరకి, చలికాలంలో ఒంటిగంటన్నరకి మొదలవుతాయి. స్పెయిన్‌లో పెద్ద క్లబ్బుల మ్యాచ్‌లు కూడా చాలాసార్లు అదే వేళకి. పైడిభీమవరం ఫార్మా కంపెనీల్లో నైట్ డ్యూటీలకి అలవాటుపడ్డవాళ్ళు రియల్ మాడ్రిడ్‌ని హాయిగా పట్టుకోవచ్చు, నావల్ల కాదు. ఇంగ్లండులో శనివారం మధ్యాహ్నం మూడింటి మ్యాచ్ మనకి రాత్రి ఏడున్నర. జర్మనీలో శనివారం మూడున్నర మ్యాచ్ మనకి ఏడు. అన్నం తింటూ చూసి పదిలోపు పడుకోవచ్చు. అక్టోబరు చివరి ఆదివారం వాళ్ళు గడియారాలు గంట వెనక్కి తిప్పుకుంటారు, ఆ రోజు నుంచి మనకి ప్రతి మ్యాచూ గంట ఆలస్యం. మార్చి చివరి ఆదివారానికి మళ్ళీ మామూలే. మొదటి ఏడాది ఇది తెలీక, ఖాళీ స్టేడియం చూస్తూ గంటసేపు కూర్చున్నాను.

అర్ధరాత్రి మ్యాచ్ తప్పదనుకుంటే నా పద్ధతి ఒకటుంది. పడుకునే ముందు ఫోన్లో నోటిఫికేషన్లన్నీ ఆపేస్తాను. నాలుగింటికి చట్నీ గిన్నెకి ఫోన్ ఆనించి, స్కోరు తెలీకుండా రీప్లే పెడతాను. ఇడ్లీ ఆవిరికి స్క్రీన్ మసకబారిపోతుంది. గోలు పడిందో, బంతి గోల్‌పోస్ట్ బారుకి తగిలిందో చొక్కా అంచుతో తుడుచుకుని, వెనక్కి తిప్పి చూసుకోవాలి. ఈ పద్ధతికి ఒకటే శత్రువు, నాలుగున్నరకి టీ కోసం వచ్చి స్కోరు చెప్పేసే ఆటోవాడు.

రెండోది, ఆటగాణ్ణి చూసి క్లబ్బు పట్టుకోకండి. నేను చేసిన పొరపాటే ఇది. మెస్సీ మీద ప్రేమతో 2021 జులైలో వైజాగ్ వెళ్ళి బార్సిలోనా జెర్సీ కొన్నాను. వెనకాల 10 నంబరు, పేరు, అన్నీ వేయించుకున్నాను. ఆగస్టు మొదటి వారంలో ఆయన బార్సిలోనాలో ఉండడం లేదన్న వార్త వచ్చింది. పారిస్ వెళ్ళాడు, రెండేళ్ళకి అక్కణ్ణుంచి మయామీ. రొనాల్డో కూడా అంతే: మాంచెస్టర్, మాడ్రిడ్, టురిన్, మళ్ళీ మాంచెస్టర్, అక్కణ్ణుంచి రియాద్. ఆటగాడికి అది ఉద్యోగం, ఎక్కడ బాగుంటే అక్కడికి వెళ్తాడు. మీకు మెస్సీయే కావాలంటే మెస్సీనే చూడండి, తప్పేం లేదు. మధ్యలో క్లబ్బుకి మాటివ్వకండి.

గెలిచేవాళ్ళనే పట్టుకోవచ్చా అని మా వాడి ప్రశ్న. పట్టుకోవచ్చు. కానీ ఐపీఎల్ చూసి వచ్చినవాళ్ళకి ఒక సంగతి తెలియాలి. అక్కడ ఆఖరి స్థానంలో ఉన్న టీము మళ్ళీ ఏడాది అదే లీగులో ఆడుతుంది. ఇంగ్లండులో అలా కుదరదు. ఇరవై టీముల్లో అడుగు మూడూ కింది డివిజన్‌కి పడిపోతాయి. లెస్టర్ సిటీ 2016లో ఛాంపియన్, 2023లో కిందకి పడింది, మరుసటేడు లేచింది, 2025లో మళ్ళీ పడింది. బ్లాక్‌బర్న్ 1995లో ఛాంపియన్. 2010లో మన దేశపు కోళ్ళ కంపెనీ ఒకటి దాన్ని కొంది, 2012లో కిందకి పడింది. పెద్ద క్లబ్బు తీసుకుంటే ఈ టెన్షన్ ఉండదు. కానీ నన్నడిగితే ఆటలో సగం రుచి ఆ టెన్షన్లోనే ఉంది. పదిహేడో స్థానంలో ఉన్న టీముకి మే నెలలో వచ్చే చెమట, మొదటి స్థానంలో ఉన్నవాడికి ఎక్కడిది?

ఇక అసలు సంగతి. క్లబ్బు కథ వినండి, అందులో మీకు తెలిసిన మనుషులు కనిపిస్తే ఆగండి. లివర్‌పూల్ ఎలా పుట్టిందో తెలుసా? అద్దె గొడవలో. ఆన్‌ఫీల్డ్‌లో ముందు ఆడింది ఎవర్టన్. 1892లో జాన్ హౌల్డింగ్ అనే ఆసామితో అద్దె దగ్గర చెడి, ఎవర్టన్‌వాళ్ళు సామాను సర్దుకుని పార్కు అవతలికి వెళ్ళిపోయారు. ఖాళీ గ్రౌండు చేతిలో మిగిలినాయన కొత్త టీము పెట్టుకున్నాడు, అదే లివర్‌పూల్. ఇది విన్నాక మా వాడు ఎవర్టన్ అన్నాడు. వాళ్ళ ఇంటి ఓనరు మోటారు బిల్లు దగ్గర పెట్టే పేచీలు నాకు తెలుసు కాబట్టి ఆశ్చర్యపోలేదు.

శనివారం సాయంత్రాలకి నేను చూసేది యూనియన్ బెర్లిన్. 2008లో వాళ్ళ స్టేడియం మెట్లు పాడైపోతే, బాగుచేయించడానికి డబ్బు లేక, రెండు వేలమందికి పైగా అభిమానులు వచ్చి సిమెంటు కలిపారు, మెట్లు కట్టారు. ఊళ్ళో రామకోవెల కట్టుకునేటప్పుడు ఇంటికో మనిషి వచ్చి ఇటుకలు మోసినట్టే. పదకొండేళ్ళ తర్వాత, 2019లో, ఆ టీము మొదటిసారి జర్మనీ పెద్ద లీగుకి ఎక్కింది. ఆ స్టేడియంలో ఎక్కువమంది ఇప్పటికీ నిలబడే చూస్తారు. ఆ మెట్ల మీద నిలబడ్డ ముసలాయన్ని కెమెరా చూపించినప్పుడల్లా, ఈయన ఎన్ని తట్టలు మోశాడో అనుకుంటాను.

కానీ నా సొంత క్లబ్బు వేరే. మా నాన్న జూట్ మిల్లులో పనిచేసేవాడు, బ్యాచింగ్ సెక్షన్లో. నార గట్టిగా ఉంటుంది, వడకాలంటే ముందు నూనె, నీళ్ళు పట్టించి మెత్తబరచాలి. ఇంటికొచ్చేసరికి నాన్న చొక్కా ఆ నూనె వాసన కొట్టేది, చెవుల మీద వెంట్రుకల్లో సన్నటి నారపీచు ఇరుక్కునుండేది. మిల్లు లాకౌట్ పడ్డాక పెట్టిందే ఈ టిఫిన్ కొట్టు. ఒకరోజు రాత్రి ఫోన్లో ఏదో చదువుతూంటే స్కాట్లండులో డండీ అనే ఊరి సంగతి తగిలింది. ఒకప్పుడు జూట్ అంటే ప్రపంచంలో ఆ ఊరే. బెంగాల్ నుంచి ఓడల్లో నార వెళ్ళేది, దాన్ని వాళ్ళు తిమింగలం నూనెతో మెత్తబరిచేవారు. మిల్లుల్లో పనిచేసేది ఎక్కువగా ఆడవాళ్ళు. తర్వాత కలకత్తాలో హుగ్లీ ఒడ్డున మిల్లులు లేచాయి, అక్కడివి ఒక్కొక్కటే మూతపడ్డాయి. అదంతా నాన్నకి చదివి వినిపిస్తే, "అక్కడా బ్యాచింగేనా?" అని లేచి కూర్చున్నాడు.

ఆ ఊరు విజయనగరం కన్నా చిన్నది, జనాభా లక్షన్నర. అయినా రెండు క్లబ్బులున్నాయి, డండీ, డండీ యునైటెడ్. రెండు స్టేడియాల మధ్య దూరం ఇంచుమించు 200 గజాలు. మా కొట్టు నుంచి సందు చివర మెడికల్ షాపుకి అంతే ఉంటుంది. యునైటెడ్ స్కాట్లండు లీగు గెలిచింది ఒక్కసారే, 1983లో. అదీ ఆఖరి మ్యాచ్‌లో, పక్క క్లబ్బు గ్రౌండులోనే వాళ్ళని ఓడించి! ఇంకో విశేషం, బార్సిలోనాతో 1966లో రెండు, 1987లో రెండు, మొత్తం నాలుగు పోటీ మ్యాచ్‌లాడితే నాలుగూ గెలిచింది. పెట్లో మడతపెట్టి ఉన్న నా జెర్సీ గుర్తొచ్చి ఆ రాత్రి చాలాసేపు నవ్వుకున్నాను. అప్పటినుంచి నాది ఆ నారింజ రంగు టీమే. మ్యాచ్‌లు నాకు టీవీలో దొరకవు, యూట్యూబ్‌లో హైలైట్స్‌తో సరిపెట్టుకుంటాను. నాన్న మాత్రం స్కోరు అడిగేటప్పుడు "మిల్లోళ్ళ టీము ఏటైందిరా?" అంటాడు.

కాబట్టి రెండు క్లబ్బులు పెట్టుకున్నా తప్పులేదు. ఒకటి వారం వారం చూడ్డానికి, ఒకటి మనసులో ఉంచుకోడానికి. కాకపోతే రెండూ వేర్వేరు దేశాలవైతే మంచిది, ఒకే ఊరివైతే అసలు వద్దు. ఎవర్టన్, లివర్‌పూల్ రెండూ నావే అంటే అక్కడ ఎవరూ పక్కన కూర్చోనివ్వరు.

డబ్బు సంగతి క్లుప్తంగా చెప్తాను. ఏ లీగు ఏ యాప్‌లో వస్తుందనేది మారుతూ ఉంటుంది. ఆగస్టులో సీజన్ మొదలయ్యేటప్పుడు చూసుకుని, మీ క్లబ్బు ఉన్న ఒక్క యాప్‌కే కట్టండి. మొదటిసారి నెల ప్యాకే తీసుకోండి, ఏడాదిది వద్దు.

ఆఖరుది, తొందరపడకండి. మా వాడికి పెట్టిన గడువు పైడితల్లమ్మ సిరిమాను పండగ. ఆగస్టు నుంచి దసరా వెళ్ళిన మంగళవారం దాకా అంటే ఒక్కో టీమువి ఏడెనిమిది మ్యాచ్‌లు వస్తాయి. రెండు మూడు క్లబ్బులు రాసుకుని, అన్నీ చూడమన్నాను. వాటిలో ఏది ఓడిపోయినప్పుడు అన్నం సయించలేదో నోట్‌బుక్కులో రాసుకోమన్నాను. గెలిచిన రోజు అందరూ బాగానే కనిపిస్తారు, అది లెక్కలోకి రాదు. వాడు సరేనన్నాడు. మూడో పెసరట్టు కూడా చెప్పి, జెర్సీ ఎప్పుడు కొనిపెడతావన్నాడు. సిరిమాను తిరక్కముందు ఆ మాటెత్తితే, లెక్కల క్లాసు ఎగ్గొట్టి ఇక్కడ కూర్చుంటున్నావని మా అక్కకి చెప్తానన్నాను.