బల్క్ కాపీ నత్తనడక, మెమరీ ఫుల్: ఎక్కడ చూడాలి, ఏం మార్చాలి

డాట్‌నెట్ ప్రోగ్రాం నుంచి ఎస్‌క్యూఎల్ సర్వర్ డేటాబేస్‌లోకి ఎస్‌క్యూఎల్‌బల్క్‌కాపీతో (రికార్డులను మూకుమ్మడిగా ఎక్కించే క్లాస్) ఫైల్లోని లక్షల రికార్డులు ఎక్కించేటప్పుడు వచ్చే తిప్పలివి. ముందు టాస్క్ మేనేజర్ తెరిచి మెమరీ తింటున్నది మీ ప్రోగ్రామా, డేటాబేస్ సర్వరా చూడండి. సర్వరైతే టెన్షన్ వద్దు, దొరికినంత మెమరీని క్యాష్ (డేటాను చేతికందేలా దాచుకునే చోటు) కోసం పట్టుకోవడం దాని పద్ధతే. మ్యాక్స్ సర్వర్ మెమరీ సెట్టింగ్‌లో హద్దు పెట్టేయండి.

సమస్య: టేబుల్‌లో ఒక్క రికార్డూ పడకముందే ప్రోగ్రాం మెమరీ గిగాబైట్లు దాటి, చివరికి అవుటాఫ్‌మెమరీ ఎర్రర్.

కారణం: డేటాటేబుల్, అంటే రికార్డులన్నిటినీ ప్రోగ్రాం మెమరీలోనే పట్టి ఉంచే పట్టిక. ఫైలంతా అందులో నింపాకే కాపీ మొదలవుతోంది, పైగా టెక్స్ట్‌లో ఒక్కో అక్షరానికి కనీసం 2 బైట్లు, ప్రతి రికార్డుకూ ఒక ఆబ్జెక్టు, అందుకే ఫైలు సైజు కంటే మెమరీ చాలా ఎక్కువ పడుతుంది. నేను రెండు రోజులపాటు బ్యాచ్‌సైజ్ మారుస్తూ కూర్చున్నాను, మెమరీ ఇసుమంతైనా తగ్గలేదు. ఎందుకు తగ్గుతుంది? ఒక విడతలో సర్వర్‌కు ఎన్ని రికార్డులు వెళ్లాలో చెప్పేది బ్యాచ్‌సైజ్, మీ దగ్గర పేరుకున్నదాన్ని అది ఖాళీ చెయ్యదు.

పరిష్కారం: డేటాటేబుల్ తీసేసి డేటారీడర్ (రికార్డులను ఒక్కొక్కటిగా చదివి అందించేది) ఇవ్వండి, ఎనేబుల్‌స్ట్రీమింగ్ ట్రూ చెయ్యండి (మామూలుగా ఫాల్స్ ఉంటుంది).

సమస్య: మొదట్లో పరుగు, పోనుపోను నత్తనడక.

నోటిఫైఆఫ్టర్ (ఎన్ని రికార్డులకోసారి కబురు పంపాలో చెప్పే సెట్టింగ్) 10,000 పెట్టి ప్రతిసారీ టైమ్ ప్రింట్ చేయించండి. ఆ అంకెలు 2 సెకన్లు, 3, 5, 9 అని పెరుగుతుంటే మొదట అనుమానించాల్సింది నాన్‌క్లస్టర్డ్ ఇండెక్సులనే (వెతుకులాట కోసం టేబుల్‌కు విడిగా ఉండే సూచికలు), ఎందుకంటే ప్రతి రికార్డునూ ప్రతి ఇండెక్సులోనూ దాని చోట దూర్చాలి. వాటిని డిసేబుల్ చేసి, లోడయ్యాక రీబిల్డ్ చెయ్యండి. క్లస్టర్డ్ ఇండెక్స్ (టేబుల్ డేటానే వరుసలో పెట్టి ఉంచేది) జోలికి మాత్రం వెళ్లొద్దు, అది డిసేబుల్ అయితే టేబులే తెరుచుకోదు! పెద్ద టేబుల్‌కు కొంచెం డేటా కలుపుతుంటే ఇదంతా అనవసరం, రీబిల్డ్‌కే ఎక్కువ టైమ్ పోతుంది.

సమస్య: 30 సెకన్లకే టైమౌట్.

బల్క్‌కాపీటైమౌట్ డిఫాల్ట్ అంతే, పెంచండి.

సమస్య: లాగ్ ఫైలు (డేటాబేస్ తన మార్పులన్నీ రాసుకునేది) ఉబ్బిపోతోంది.

బ్యాచ్‌సైజ్ 0గా వదిలేస్తే మొత్తం ఒకే బ్యాచ్, అది పూర్తయ్యేదాకా లాగ్‌లో జాగా ఖాళీ అవదు. 5,000తో మొదలుపెట్టి పెంచుతూ చూడండి. కాకపోతే మధ్యలో ఫెయిలైతే అప్పటిదాకా వెళ్లిన బ్యాచ్‌లు టేబుల్‌లోనే ఉండిపోతాయి, కాబట్టి ముందు ఒక ఖాళీ స్టేజింగ్ టేబుల్‌లోకి (అసలు టేబుల్‌కు ముందు డేటా దింపుకునే తాత్కాలిక టేబుల్) ఎక్కించండి. తేడా వస్తే దాన్ని ట్రంకేట్ చేసి (మొత్తం ఖాళీ చేసి) మళ్లీ నడిపితే సరిపోతుంది, అసలు టేబుల్ చెక్కుచెదరదు.