ఊళ్లో సేవ చేసేవాళ్లను సన్మానించాలంటే ఎలా?

ఓసారి జూన్ 5న, పర్యావరణ దినోత్సవం రోజు, మా కాలనీలో మొక్కలు నాటినవాళ్లకు సన్మానం పెట్టాం. పదిమందికి శాలువాలు కప్పాం. ఎండాకాలమంతా బిందె చంకన పెట్టుకుని ఆ వేప మొక్కలకు నీళ్లు మోసిన అక్క మాత్రం వెనక వరసలో నిలబడి చప్పట్లు కొట్టింది. గాలికి వంగిపోకుండా పాత చీర చింపి, ఆ పీలికలతో మొక్కల్ని కర్రలకు కట్టింది కూడా ఆవిడే. మేం ఆవిడ పేరు రాసుకోలేదు. తలుచుకుంటే ఇప్పటికీ బాధేస్తుంది, మీ దగ్గర అలా జరగకూడదనే ఇది రాస్తున్నాను.

ముందు పేర్లు వెతకండి. కమిటీవాళ్లు కూర్చుని రాసే లిస్టు చాలదు. తెల్లారి ఆరింటికి చెరువుగట్టు మీదికి వెళ్లి చూడండి, టీకొట్టు దగ్గర అడగండి, వీధులు ఊడ్చే పారిశుద్ధ్య కార్మికుల్ని అడగండి, ఎవరు నిజంగా పని చేస్తున్నారో వాళ్లకు తెలిసినంత ఎవరికీ తెలియదు. ఆంధ్రలో అయితే 'వాలంటీర్' అనగానే 2019లో ప్రభుత్వం పెట్టిన గ్రామ, వార్డు వాలంటీర్లే గుర్తొస్తారు కాబట్టి, సొంతంగా సేవ చేసేవాళ్ల గురించి అడుగుతున్నామని విడమర్చి చెప్పండి.

తర్వాత పని దగ్గరికి వెళ్లి చూడాలి. ఎన్ని మొక్కలు నాటారన్నది కాదు, రెండు ఎండాకాలాలు దాటి ఎన్ని బతికాయన్నది చూడండి. చెరువులో గుర్రపుడెక్క తీసినవాళ్లయితే ఎన్నిసార్లు తీశారో కనుక్కోండి. అది కొంచెం మిగిలినా మళ్లీ చెరువంతా అల్లుకుంటుంది, ఒక్కరోజు ఫొటోల కోసం దిగినవాళ్లూ నెలనెలా నీళ్లలో దిగేవాళ్లూ ఒకటి కాదు. చూసినవన్నీ తేదీలతో ఒక నోట్‌బుక్‌లో రాసిపెట్టండి, నాలుగు ఫొటోలు తీసుకోండి.

సభ పెట్టేముందు వాళ్లను ఒకమాట అడగండి. కొందరికి స్టేజీ ఎక్కడం ఇష్టం ఉండదు, బలవంతపెట్టొద్దు. కూలికెళ్లేవాళ్లయితే ఆ రోజు కూలి పోకుండా చూడండి. ఆగస్టు 15, అక్టోబర్ 2 లాంటి సెలవు రోజులైతే ఊరంతా ఎలాగూ వస్తుంది.

సభలో 'ఎనలేని సేవలు చేశారు' అంటే ఎవరికీ ఏమీ గుర్తుండదు. ఫలానా వీధిలో నలభై కానుగ మొక్కలు వేశారు, ముప్పై ఆరు బతికాయి, అవిగో అని చూపించండి. ఒక్కొక్కరి గురించి రెండు నిమిషాలు చాలు. అతిథుల ప్రసంగాలు ఆ తర్వాతే.

పని మరీ పెద్దదైతే ఊరిదాకానే ఆపకండి. విత్తనాలు ఏరి, దారుల వెంట మొక్కలు పెంచుతూ జీవితమంతా గడిపిన ఖమ్మం జిల్లా వనజీవి రామయ్యగారికి 2017లో పద్మశ్రీ వచ్చింది. పద్మ పురస్కారాలకు ఎవరైనా ఎవరి పేరైనా పంపవచ్చు, రాష్ట్రీయ పురస్కార్ పోర్టల్‌లో ఆన్‌లైన్‌లోనే. చేసిన పనిని 800 పదాలు దాటకుండా రాయాలి. మీ నోట్‌బుక్ అక్కడ పనికొస్తుంది.

ఇక ఏం ఇవ్వాలి? శాలువా కప్పండి, తప్పులేదు, కానీ పనికి ఏం కావాలో కూడా అడగండి. గడ్డపార కావచ్చు, గ్లవ్స్ కావచ్చు, ట్రీగార్డులు కావచ్చు. మరుసటి ఏడు మేం ఆ అక్కను పిలిచి అదే అడిగాం. కొళాయి దగ్గర్నుంచి చివరి మొక్కదాకా అందే పైపు కావాలంది. కొలిస్తే వంద అడుగులొచ్చింది, ఆ సాయంత్రమే కొనిచ్చాం.