కాలేయంలో కొవ్వు దారి – 4వ భాగం: ఇన్సులిన్ లేనప్పుడు

పోయిన భాగంలో 16 కార్బన్ల పామిటిక్ ఆమ్లాన్ని (ఒక కొవ్వు ఆమ్లం) 7 సార్లు కోసి 8 ఎసిటైల్ కోఏలు (రెండేసి కార్బన్ల ముక్కలు) తీశాం కదా, ఆ బొమ్మ ముందు పెట్టుకోండి. ఆ కోత ఎప్పుడు మొదలవ్వాలో, ఎప్పుడు ఆగాలో కాలేయానికి ఎలా తెలుస్తుంది? ఈసారి అదే.

ఆ కోత జరిగేది కణంలో శక్తి తయారయ్యే మైటోకాండ్రియాలో. దాని బయటి పొర మీద సీపీటీ-1 అని రాయండి. పొడవాటి కొవ్వు ఆమ్లాన్ని కార్నిటిన్ అనే మోసుకెళ్లే అణువుకు తగిలించి లోపలికి దారి ఇచ్చే ఎంజైమ్ ఇది. పక్కనే మలోనిల్ కోఏ అని రాసి, అక్కడి నుంచి సీపీటీ-1కి అడ్డంగా ఒక గీత గీయండి. తలుపుకి గడియ ఇదే. తిన్నాక ఇన్సులిన్ పెరిగితే ఎసిటైల్ కోఏ కార్బాక్సిలేజ్ అనే ఎంజైమ్ చురుకై మలోనిల్ కోఏ తయారవుతుంది, గడియ పడుతుంది. కొత్త కొవ్వు కట్టడానికి వాడే ముడిసరుకు కూడా మలోనిల్ కోఏనే, కాబట్టి తయారీ నడుస్తున్నంతసేపూ దహనం దానంతటదే తగ్గుతుంది. 1977లో మెక్‌గ్యారీ, ఫాస్టర్ బృందం చూపించిన ఈ ఏర్పాటు కన్నా అందమైనది ఈ సబ్జెక్ట్‌లో నాకు ఇంకొకటి కనబడలేదు.

ఇప్పుడు బొమ్మలో ఇన్సులిన్‌ను కొట్టేయండి, అంటే టైప్ 1 డయాబెటిస్ ఉన్నవాళ్లకి ఇంజెక్షన్లు ఆగిపోయిన పరిస్థితి. కొవ్వు కణాల్లో కొవ్వును విడగొట్టే ఎంజైమ్ లైపేజ్‌కి అడ్డు లేక కొవ్వు ఆమ్లాలు రక్తంలోకి వచ్చిపడతాయి. చాలామంది ఇక్కడితో గీయడం ఆపేస్తారు, అది చాలదు! అదే సమయంలో ఇన్సులిన్‌కి ఎదురు పనిచేసే హార్మోన్ గ్లూకగాన్‌ది పైచేయి అయి కార్బాక్సిలేజ్ పని ఆగుతుంది, మలోనిల్ కోఏ పడిపోతుంది, గడియ ఊడుతుంది. కుప్పలుగా వచ్చిన ఎసిటైల్ కోఏ అంతా క్రెబ్స్ చక్రంలో (ఎసిటైల్ కోఏని కాల్చి శక్తి తీసే దారి) ఇమడక కీటోన్లుగా మారుతుంది. వాటిని వాడుకునే ఎంజైమ్ కాలేయానికి లేదు కాబట్టి అన్నిటినీ రక్తంలోకే వదులుతుంది, రక్తం ఆమ్లమవుతుంది.

ఒక విషయం గట్టిగా గుర్తుపెట్టుకోండి. ఇలాంటప్పుడు ఎక్కువగా ఉండే కీటోన్ బీటా హైడ్రాక్సీ బ్యుటిరేట్, కానీ మూత్రంలో కీటోన్లు చూసే స్ట్రిప్ పట్టేది అసిటోఅసిటేట్ అనే ఇంకో కీటోన్‌ని. ఇన్సులిన్ ఎక్కించాక మొదటిది రెండోదిగా మారుతుంటుంది, దాంతో మనిషి కోలుకుంటున్నా స్ట్రిప్ రంగు ముదరవచ్చు. అందుకే చికిత్స ఎలా సాగుతోందో చూడడానికి రక్తంలో కీటోన్ల పరీక్షే నమ్మకం.

వచ్చే భాగంలోపు ఇదే బొమ్మను కొద్దిగా ఇన్సులిన్ మిగిల్చి మళ్లీ గీయండి. కొవ్వు కణాల్ని అదుపులో పెట్టడానికి చాలా తక్కువ ఇన్సులిన్ సరిపోతుంది. దాన్నిబట్టి టైప్ 2లో చక్కెర అంత పెరిగినా కీటోన్లు మామూలుగా ఎందుకు అంతగా పెరగవో మీ మాటల్లో రాయండి.